హేవలాక్ వంతెన, రాజమహేంద్రవరం

హేవలాక్ వంతెన ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం (రాజమండ్రి), కొవ్వూరు పట్టణాల మధ్య గోదావరి మీద కట్టిన మొదటి రైలు వంతెన. 1897 నవంబరు 11న పని మొదలైంది. 1900 ఆగస్టు 30న రైళ్ల రాకపోకలకు తెరిచారు. రాతి స్తంభాల మీద ఉక్కు గర్డర్లు పరిచి కట్టిన ఈ వంతెనకు ఒక్కొక్కటి 150 అడుగుల (45.7 మీటర్ల) చొప్పున 56 ఖానాలు (స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు) ఉన్నాయి. పొడవు రెండున్నర కిలోమీటర్లు దాటుతుంది. 97 ఏళ్లు రైళ్లను మోసి, 1997లో సేవ నుంచి విరమించింది. ఊళ్లో దీన్ని ‘పాత వంతెన’ అంటారు. హౌరా–మద్రాసు ప్రధాన మార్గంలో తెగి ఉన్న పెద్ద లంకెల్లో ఒకదాన్ని కలిపింది ఇదే. భారతదేశంలో పందొమ్మిదో శతాబ్దపు వంతెన విద్య ఎంత దూరం వచ్చిందో చూపే కట్టడాల్లో దీనికి ముందు వరసలో చోటుంది.

నది, స్థలం

మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టిన గోదావరి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. పాపికొండల మధ్య ఇరుకు లోయలో ఒదిగి వచ్చిన నది, పోలవరం దాటగానే మైదానంలోకి విచ్చుకుంటుంది. రాజమండ్రి వచ్చేసరికి ఒడ్డు నుంచి ఒడ్డుకు రెండున్నర కిలోమీటర్లకు పైగా పరుచుకుంటుంది. ఇంకొంచెం దిగువన ధవళేశ్వరం దగ్గర మధ్యలో లంకలతో మరింత వెడల్పై, ఆ తర్వాత గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది. డెల్టాలోకి దిగితే ఒక్క నదికి బదులు అనేక పాయలు దాటాలి. పైకి పోతే కొండలు. ఒకే వంతెనతో గోదావరి మొత్తాన్ని దాటడానికి వీలైన చోటు రాజమండ్రి.

ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య కట్టిన ఆనకట్ట వల్ల రాజమండ్రి దగ్గర నదిలో ఏడాది పొడవునా నీరు నిలిచి ఉండటం మొదలైంది. ఎండాకాలంలోనూ ఇసుక తిన్నెల మధ్య లోతైన మడుగులు కనిపిస్తాయి. వానాకాలంలో పరిస్థితి పూర్తిగా వేరు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రటి వరద నీరు గట్లను ఒరుసుకుంటూ పారుతుంది. కాబట్టి నదిలో పునాది పని చేసుకోవడానికి ఇంజనీర్లకు ఏడాదిలో చిక్కేది వరద తగ్గాక మళ్లీ వరద వచ్చేదాకా ఉన్న కొన్ని నెలలే. పని నవంబరులో మొదలవడం వెనక ఈ లెక్క కనిపిస్తుంది.

వంతెనకు ముందు

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దం దాకా కోస్తా ఆంధ్రలో దూర ప్రయాణానికి నీరే దారి. ఆనకట్ట నుంచి తీసిన కాలువల్లో పడవలు ధాన్యాన్ని, మనుషులను కాకినాడ వైపూ కృష్ణా డెల్టా వైపూ చేరవేసేవి. దేశంలో మిగతా చోట్ల రైళ్లు నడుస్తున్నా కలకత్తా, మద్రాసు నగరాల మధ్య తీరం వెంబడి నేరుగా రైలు లేదు. 1866 నాటి ఒరిస్సా కరవు, 1876–78 నాటి దక్షిణాది కరవు లక్షల మందిని బలి తీసుకున్నాయి. ధాన్యం ఒక చోట ఉండి, ఆకలి మరో చోట ఉన్నప్పుడు రెంటినీ కలిపే దారి లేకపోతే ఏమవుతుందో ఆ సంవత్సరాలు చూపించాయి. 1880 నాటి కరవు కమిషన్ రైలు మార్గాలను విస్తరించాలని గట్టిగా సిఫార్సు చేసింది.

ఆ నేపథ్యంలో ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే రూపుదిద్దుకుంది. బెజవాడ (విజయవాడ) నుంచి కటక్ దాకా బ్రాడ్‌గేజి మార్గాన్ని 1893–1896 మధ్య విడతలుగా తెరిచారు. బెజవాడకు సికింద్రాబాదు వైపు నుంచి నిజాం రైల్వే 1889లోనే వచ్చి చేరింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద వంతెన 1893లో పూర్తయింది. 1899లో బెజవాడ నుంచి గూడూరు మీదుగా మద్రాసుకు తీరం వెంబడి దారి కలిసింది.

ఇన్ని కలిసినా గోదావరి దగ్గర దారి తెగే ఉంది. తూర్పు ఒడ్డున రాజమండ్రి వైపు ఒక పట్టాల చివర, పడమటి ఒడ్డున కొవ్వూరు వైపు మరో పట్టాల చివర, మధ్యలో నది. ప్రయాణికులు సామానుతో సహా రైలు దిగి, నీటి మీద అవతలికి చేరి, అక్కడ మరో రైలు ఎక్కాలి. సరుకులు దించి, పడవల్లోకి ఎక్కించి, మళ్లీ దించి, బండ్లలోకి ఎక్కించాలి. వరద ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఆ దాటడమే పెద్ద పరీక్ష. ప్రధాన మార్గం అనే పేరు సార్థకం కావాలంటే ఇక్కడ వంతెన తప్పదు.

నిర్మాణం

పని పర్యవేక్షణ బాధ్యత ఎఫ్.టి. గ్రాన్విల్ వాల్టన్ అనే ఇంజనీరుకు అప్పగించారు. అంతకు ముందు ఆయన కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టించారు. 1887లో తెరిచిన ఆ వంతెనను స్వాతంత్ర్యం వచ్చాక మాలవీయ వంతెన అని పిలుస్తున్నారు. ఉత్తరాదిలో అతి కష్టమైన నదుల్లో ఒకదాని అడుగున పునాది దించిన అనుభవంతో వాల్టన్ గోదావరికి వచ్చారు.

రెండు నదుల తీరు ఒకటి కాదు, అందుకే రెండు వంతెనల రూపమూ ఒకటి కాదు. కాశీ దగ్గర గంగ ఇరుకుగా, లోతుగా పారుతుంది. అక్కడ పునాది దించడం కష్టమైన పని కాబట్టి స్తంభాలు తగ్గించి, ప్రధాన ఖానాలను సుమారు 350 అడుగుల పొడవున పెట్టారు. రాజమండ్రి దగ్గర గోదావరి వెడల్పుగా, పలచగా పరుచుకుని, ప్రధాన ప్రవాహాన్ని ఒక ఏడు ఒక ఒడ్డుకు, మరో ఏడు మరో ఒడ్డుకు మార్చుకుంటూ ఉంటుంది. ఏ ఖానా కింద ఎప్పుడు లోతు పడుతుందో ముందుగా చెప్పలేం. అలాంటి చోట నది పొడవునా ఒకే కొలత ఖానాలు పెట్టడం తెలివైన పని. 56 ఖానాలూ 150 అడుగులవే కావడంతో గర్డరు నమూనా ఒక్కటే సరిపోయింది. అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్న భాగాలను వరసగా తయారు చేసుకుని, వరసగా బిగించుకుంటూ పోవచ్చు. రెండున్నర కిలోమీటర్లకు పైబడిన వంతెన మూడేళ్లలోపే పూర్తయిందంటే ఈ ఒకే కొలత ఎంత కలిసొచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

అప్పటికి వంతెన లోహం కూడా మారుతోంది. 1870ల దాకా పెద్ద వంతెనలకు చేత ఇనుము వాడేవారు. 1880లలో చవకగా, నమ్మకంగా ఉక్కు దొరకడం మొదలైంది. స్కాట్లండ్‌లో 1890లో తెరిచిన ఫోర్త్ వంతెన ఉక్కు సత్తాను ప్రపంచానికి చాటింది. ఆ తర్వాత పదేళ్లకు గోదావరి మీద లేచిన గర్డర్లూ ఉక్కువే. వెల్డింగు ఇంకా వాడుకలోకి రాని కాలం కాబట్టి పలకలను, కోణపు కడ్డీలను రివెట్లతో కలిపేవారు. ఎర్రగా కాల్చిన రివెట్‌ను రంధ్రంలో పెట్టి, ఒకరు వెనక నుంచి పట్టి ఉంచితే మరొకరు సుత్తితో రెండో తల సాగగొట్టేవారు. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుని రెండు పలకలనూ గట్టిగా బిగిస్తుంది.

ఇసుకలో పునాది

గోదావరి అడుగున ఉన్నది లోతైన ఇసుక. అలాంటి నదిలో వరదకు రెండు పనులు చేతనవును: పైన నీటిమట్టం పెంచడం, కింద ఇసుకను తొలుచుకుపోవడం. స్తంభం అడ్డుపడిన చోట నీరు సుడి తిరిగి, దాని మొదలు దగ్గరే గొయ్యి తవ్వుతుంది. పైకి నిబ్బరంగా కనిపించే స్తంభం కింద వరద రోజున ఇసుక ఎంత మిగిలిందన్నదే వంతెన ప్రాణాన్ని నిర్ణయిస్తుంది. ఆ గొయ్యి పడే లోతు కంటే బాగా కిందకి పునాది దిగాలి.

దానికి మన దేశంలో ఉన్న పద్ధతి బావి పునాది. డెల్టా పల్లెల్లో ఇసుక నేలలో నుయ్యి తవ్వేటప్పుడు ఒర దించడం అందరూ ఎరిగిన పనే. లోపలి మట్టి తీస్తున్న కొద్దీ ఒర తన బరువుకే కిందకి జారుతుంది. పైన మరో వరస పేర్చుకుంటూ పోతారు. వంతెనల ఇంజనీర్లు ఈ దేశీయ విద్యనే తీసుకుని భారీ స్థాయికి పెంచారు. నది అడుగున ముందుగా పదునైన అంచున్న ఉక్కు కట్టును కూర్చోబెడతారు. దాని మీద దళసరి గోడ కడతారు. లోపలి ఇసుకను పైనుంచి తోడి పారేస్తుంటే బావి మెల్లగా దిగుతుంది. దిగకుండా మొరాయిస్తే పైన బరువులు పేరుస్తారు. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క తవ్వకం ఆపి, రెండో పక్క తవ్వి నిలువుకు తెస్తారు. కావలసిన లోతుకు చేరాక అడుగున కాంక్రీటుతో మూసి, లోపల నింపి, పైన మూత వేసి, దాని మీద స్తంభం లేపుతారు. బయటికి కనిపించే రాతి స్తంభం కన్నా కనిపించకుండా ఇసుకలో దాగిన భాగమే అసలు వంతెన అంటారు ఈ పని తెలిసినవాళ్లు.

ఇదే నదిలో కొద్ది కిలోమీటర్ల దిగువన కాటన్ కట్టిన ఆనకట్టను తక్కువ లోతు బావుల మీద, ఇసుక మీద బరువుతో పరుచుకుని కూర్చునేలా కట్టారు. రైలు వంతెనకు ఆ దారి పనికిరాదు. ఆనకట్ట నీటికి అడ్డంగా పడుకుంటుంది. వంతెన స్తంభాలు నీటిని తమ మధ్య నుంచి పోనిస్తూ, పైన కదిలే బరువును మోస్తూ నిలబడాలి. ఒకే ఇసుకతో రెండు రకాల పోరాటం ఎలా చేయాలో యాభై ఏళ్ల తేడాతో కట్టిన ఈ రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

స్తంభాల పైన కూడా ఒక చిన్న జాగ్రత్త తప్పదు. ఎండకు ఉక్కు సాగుతుంది. 45.7 మీటర్ల గర్డరు 30 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 16 మిల్లీమీటర్లు పొడవు పెరుగుతుంది. అంటే బొటనవేలి వెడల్పు. ఒక్క గర్డరుకు అది చిన్నదే. 56 గర్డర్లకూ కలిపితే దాదాపు 90 సెంటీమీటర్లు. ఆ సాగుదలను స్తంభం నెత్తిన పడనిస్తే రాయి పగులుతుంది. అందుకే ఇలాంటి వంతెనల్లో ప్రతి గర్డరుకూ ఒక కొసను బిగించి, రెండో కొసను కదలడానికి వదిలేస్తారు. గర్డరుకూ గర్డరుకూ మధ్య చిన్న సందు ఉంచుతారు. రాజమండ్రి రోహిణి కార్తె ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ సందు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పేరు

అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ ఎలిబ్యాంక్ హేవలాక్ పేరు ఈ వంతెనకు పెట్టారు. ఆయన 1890–1895 మధ్య సిలోను గవర్నరుగా పనిచేసి, 1896లో మద్రాసు వచ్చి, 1900 చివరిదాకా ఆ పదవిలో ఉన్నారు. వంతెన మొదలవడం, పూర్తవడం రెండూ ఆయన హయాంలోనే జరిగాయి. అండమాన్‌లోని హేవలాక్ ద్వీపం పేరు (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) జనరల్ హెన్రీ హేవలాక్ అనే సైనికాధికారిది. ఆ హేవలాక్, ఈ హేవలాక్ వేర్వేరు వ్యక్తులు.

సేవాకాలం (1900–1997)

1900 ఏప్రిల్‌లో బెంగాల్‌లో రూప్‌నారాయణ్ మీద, 1901 మార్చిలో కటక్ దగ్గర మహానది మీద వంతెనలు తెరిచారు. ఆ రెంటి నడుమ ఆగస్టులో గోదావరి వంతెన తెరుచుకుంది. ఈ మూడూ పూర్తయ్యాక హౌరా నుంచి మద్రాసు దాకా నదుల దగ్గర దిగాల్సిన పని లేకుండా ప్రయాణం సాధ్యమైంది.

వంతెన యాజమాన్యం పలుమార్లు చేతులు మారింది. 1901లో వాల్తేరు దాకా ఉన్న దక్షిణ భాగాన్ని మద్రాసు రైల్వే తీసుకుంది. 1908లో అది సదరన్ మరాఠా రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే అయింది. 1951లో దక్షిణ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. విజయవాడ డివిజన్‌తో పాటు ఈ వంతెన కూడా కొత్త జోన్‌లోకి వచ్చింది.

వంతెన నది రెండు గట్లనూ ఒక్కటి చేయడంతో ఊరి జీవితమూ మారింది. రాజమండ్రి అప్పటికే కందుకూరి వీరేశలింగం సంఘ సంస్కరణకు, పత్రికలకు, కళాశాలకు పేరుపొందిన పట్టణం. మద్రాసు విశ్వవిద్యాలయానికి, హైకోర్టుకు వెళ్లే విద్యార్థులకూ కక్షిదారులకూ దారి సులువైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ కోస్తా పట్టణాల్లో చేసిన ప్రసంగ యాత్రలో రాజమండ్రి ముఖ్యమైన మజిలీ. వందేమాతరం ఉద్యమం ఇక్కడి విద్యార్థుల్లో రాజుకున్నది అప్పుడే. కలకత్తా ఆలోచన కొద్ది రోజుల్లో గోదావరి ఒడ్డుకు చేరే కాలాన్ని తెచ్చింది ఈ రైలు మార్గమే.

కలప, ధాన్యం, బెల్లం, కొబ్బరి వంటి సరుకులకు కొత్త బజార్లు దొరికాయి. వంతెన రెండు కొసల్లో ఉన్న గోదావరి, కొవ్వూరు స్టేషన్లు స్నానాలకు వచ్చే యాత్రికుల రాకపోకలకు కూడళ్లయ్యాయి. పన్నెండేళ్లకోసారి వచ్చే పుష్కరాలకు లక్షల మంది రాజమండ్రి రేవులకూ, కొవ్వూరు గోష్పాద క్షేత్రానికీ చేరడానికి రైలే ప్రధాన ఆధారమైంది. రైలు వంతెన ఎక్కగానే కిటికీలోంచి నదిలోకి చిల్లర నాణెం వేసి దణ్ణం పెట్టుకోవడం తెలుగు ప్రయాణికులకు అలవాటుగా స్థిరపడింది. చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారి, ఇనుము మోగడం వినిపిస్తే చాలు, నిద్రలో ఉన్నవాళ్లు కూడా లేచి గోదావరి వచ్చిందని పిల్లలను కిటికీ దగ్గరికి పిలుస్తారు.

వరదల పరీక్షలు కూడా పెద్దవే. 1953లో గోదావరికి భారీ వరద వచ్చింది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75 అడుగులు దాటింది. నది చరిత్రలో లెక్కకు ఎక్కిన అతి పెద్ద వరద అదే. అప్పటికి 86 ఏళ్ల వయసున్న పాత వంతెన దాన్నీ తట్టుకుంది. రైళ్లు ఆగిపోయి పాతికేళ్లయ్యాక, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలోనూ స్తంభాలు నిలిచాయి.

పక్కన లేచిన వంతెనలు

ఒకే ఒక్క రైలు దారి ఉన్న వంతెన మీద ఒక సమయంలో ఒక దిక్కుకే బండి వెళ్లగలదు. ప్రధాన మార్గం జంట పట్టాలకు మారుతున్న కొద్దీ గోదావరి దగ్గర ఇరుకు పెరిగింది. రోడ్డు వాహనాల కష్టం ఇంకా ఎక్కువ. హేవలాక్ వంతెన రైలుకే పరిమితం కావడంతో బస్సులూ లారీలూ ఇక్కడ నది దాటే దారి లేదు. జనం పడవలూ లాంచీలూ ఎక్కాల్సి వచ్చేది.

1974లో పూర్తయిన రెండో వంతెన ఈ రెండు కొరతలనూ తీర్చింది. ఉక్కు ట్రస్సులతో కట్టిన ఈ వంతెనలో రైలు దారి కింది అంతస్తులో, రోడ్డు పై అంతస్తులో ఉంటాయి. బ్రైత్‌వెయిట్, బర్న్ అండ్ జెస్సప్ సంస్థ దీన్ని నిర్మించింది. 91.5 మీటర్ల ఖానాలు 27, 45.72 మీటర్ల ఖానాలు 7 ఉన్నాయి. రైలు భాగం పొడవు సుమారు 2.8 కిలోమీటర్లు, రోడ్డు భాగం సుమారు 4.1 కిలోమీటర్లు. రాజమండ్రి వైపు ఇళ్లూ వీధులూ దట్టంగా ఉండటంతో ఆ కొసన వంతెనను వంపు తిప్పాల్సి వచ్చింది. అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ దీన్ని ప్రారంభించారు. ఊరివాళ్లు దీన్ని రోడ్డు కం రైలు వంతెన అంటారు.

మూడోది ఆర్చి వంతెన. 1991–1997 మధ్య హిందుస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టింది. హేవలాక్ వంతెన మోస్తున్న దారిని తన మీదకు తీసుకోవడానికే ఇది పుట్టింది. 97.55 మీటర్ల చొప్పున 28 ఖానాలు, మొత్తం సుమారు 2.7 కిలోమీటర్లు. ఒక్కో ఖానాకు రెండు పక్కలా విల్లులా వంగిన కాంక్రీటు ఆర్చీలు ఉంటాయి. రైలు నడిచే గర్డరు వాటి నుంచి వేలాడుతుంది. ఆర్చి సహజంగా తన రెండు కాళ్లనూ బయటికి నెడుతుంది. ఇక్కడ కింది గర్డరే వింటినారిలా ఆ కాళ్లను లాగి పట్టుకుంటుంది. దాంతో స్తంభాల మీద పక్కవాటు తోపు పడదు, నిలువు బరువే పడుతుంది. ఇసుక నదిలో నిలబడ్డ స్తంభాలకు ఇది పెద్ద ఊరట.

మూడు వంతెనలూ దాటుతున్నది ఒకే నదిని. మొదటిదానికి 56 ఖానాలు, రెండోదానికి 34, మూడోదానికి 28. రాతి స్తంభాల మీద రివెట్ల ఉక్కు, ఆ తర్వాత రెండంతస్తుల ఉక్కు ట్రస్సు, చివరికి ముందుగా బిగించిన తీగలతో బలపడిన కాంక్రీటు. ఒక స్తంభానికీ మరో స్తంభానికీ మధ్య దూరం 45 మీటర్ల నుంచి 97 మీటర్లకు పెరగడానికి దాదాపు వంద సంవత్సరాలు పట్టింది. ఇంజనీరింగు విద్యార్థికి ఒక శతాబ్దపు వంతెన విద్యను ఒకే గట్టు మీద నిలబడి చూసే వీలు దేశంలో ఇలా దొరికే చోట్లు అరుదు. 2015 పుష్కరాల నాటికి ఊరికి ఎగువన రోడ్డు కోసమే నాలుగో వంతెన కూడా తయారైంది.

విరమణ, పరిరక్షణ

పాత వంతెనను ఆపింది శిథిలావస్థ అనుకోనక్కర్లేదు. 1890లలో లెక్కించిన బరువులు వేరు, 1990ల నాటి ఇంజన్ల, వ్యాగన్ల బరువులు వేరు. వేగం కూడా పెరిగింది. రివెట్లతో బిగించిన పాత ఉక్కు మీద కోట్లాది సార్లు బరువు పడి లేచిన తర్వాత, అలసట వల్ల సన్నని పగుళ్లు వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ప్రధాన మార్గానికి అంత ముప్పు తగదు. కొత్త వంతెన సిద్ధమవగానే 1997లో హేవలాక్ వంతెన మీద రైళ్లు ఆపేశారు.

ఆ తర్వాత దాన్ని తుక్కుగా అమ్మేయాలా, ఉంచాలా అన్న ప్రశ్న వచ్చింది. గోదావరి జిల్లాల ప్రజలు, చరిత్ర ప్రేమికులు దీన్ని ఉంచాలని పట్టుబట్టారు. నడక దారిగా, పర్యాటక స్థలంగా మార్చాలన్న ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. 2025 జూన్‌లో రాజమహేంద్రవరంలో శంకుస్థాపన జరిగిన అఖండ గోదావరి ప్రాజెక్టులో హేవలాక్ వంతెన అభివృద్ధి ముఖ్య భాగం. సుమారు 94 కోట్ల రూపాయల ఈ ప్రాజెక్టు లక్ష్యాల్లో 2027 పుష్కరాలకు నగరాన్ని సిద్ధం చేయడం ఒకటి.

ఈ మధ్యలో వంతెన చుట్టూ పటం కూడా మారింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిన తర్వాత చాలాకాలం వంతెన రెండు జిల్లాల మధ్య సరిహద్దు మీద ఉండేది. 2015లో రాజమండ్రి పేరు రాజమహేంద్రవరంగా మారింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో కొవ్వూరు తూర్పు గోదావరిలో చేరింది. ఇప్పుడు వంతెన రెండు కొసలూ ఒకే జిల్లాలో ఉన్నాయి.

ప్రాముఖ్యం

హేవలాక్ వంతెన గొప్పతనం దాని పొడవులో ఒక్కదానిలోనే లేదు. ఇది తెరుచుకునే నాటికే సోన్ నది మీద డెహ్రీ దగ్గర దీనికంటే పొడవైన రైలు వంతెన తెరుచుకుని ఉంది. ఇక్కడి గొప్పతనం ఎంపికలో ఉంది: ఇసుక స్వభావం ఎరిగి ఒకే కొలత ఖానాలు ఎంచుకోవడం, పల్లెల్లో ఒర దించే విద్యను నది స్థాయికి పెంచడం, నదికి అడ్డు చెప్పకుండా దాని మీదుగా దారి వేయడం. ఆ ఎంపికలు సరైనవని 97 ఏళ్ల రాకపోకలూ, 1986 వరదా రుజువు చేశాయి. గవర్నరు పేరు పలకకు ఎక్కింది. ఒరలు దించిన, రాళ్లు చెక్కిన, రివెట్లు కొట్టిన వేలాది కూలీల, మేస్త్రీల పేర్లు ఏ పలకకూ ఎక్కలేదు.

అందుకే పరిరక్షణ అంటే రంగుల దీపాలూ, తినుబండారాల దుకాణాలూ కాకూడదు. స్తంభాల రాతి పనిని, రివెట్ల వరసలను, గర్డరు కదిలే కొసను చూసేవారికి అర్థమయ్యేలా వివరించాలి. పునాది ఎలా దించారో బడి పిల్లలకు నమూనాతో చూపించాలి. పనిచేసిన చేతులను తలచుకునే ఒక పలక పెట్టాలి. మూడు వంతెనల కథను ఒకే చోట చెప్పాలి. తెలుగు నేల మీద ఇంత పెద్ద కట్టడాన్ని ఇంత నమ్మకంగా నిలబెట్టిన విద్య మనదీ అని తెలిసేలా ఈ వంతెనను తరువాతి తరానికి అప్పగించడం రాజమహేంద్రవరం బాధ్యత, ప్రభుత్వ బాధ్యత, గోదావరి నీళ్లు తాగిన ప్రతి ఒక్కరి బాధ్యత.